కేసు షీటులో నిద్ర



కొత్త డాక్టర్లూ, హాస్టల్లో చేరిననాటి ఫోటో తీసి చూసుకోండి. మీలో చాలామందికి ఈ ఐదున్నరేళ్ళలో నడుము పెరిగింది. మెస్ తిండి బాగా ఒంటబట్టిందని చుట్టాలు అనే ఉంటారు. నోరు కట్టుకోలేకపోయామని మీరూ నొచ్చుకుని ఉంటారు. తిండీ, కదలకుండా కూర్చోవడమూ కారణాలే, కాదనను. కానీ వైవాల ముందు రాత్రులూ, హౌస్ సర్జన్సీలో క్యాజువాలిటీ డ్యూటీలూ మింగేసిన నిద్రను ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. 2004లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పదేసి గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే, ఇక చాలని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మనసు తీపి మీదికీ, ఉప్పు మీదికీ, పిండివంటల మీదికీ పోయింది. అర్ధరాత్రి దాటాక మిమ్మల్ని నూడుల్స్ బండి దగ్గరికి నడిపించింది ఈ హార్మోన్లే. అందులో మీ తప్పు వెతుక్కోకండి.

అది చిన్న అధ్యయనమే. అయితే 2022లో అక్కడివాళ్ళే, ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మంది అధిక బరువున్నవాళ్ళను తీసుకుని, సగం మందికి నిద్రవేళలు సరిచేసుకునే సలహా ఇచ్చారు. వాళ్ళ నిద్ర గంటకు పైగా పెరిగింది. ఏం తినాలో ఎవరూ చెప్పకపోయినా, మిగతా సగంతో పోలిస్తే వాళ్ళు రోజుకు సుమారు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. ఏ డైట్ చార్టూ లేకుండా వచ్చిన ఈ ఫలితం నాకెంతో ఆశ కలిగిస్తుంది.

రేపు మీ ఓపీకి లారీ డ్రైవరు వస్తాడు, నైట్ వాచ్‌మన్ వస్తాడు, రాత్రి షిఫ్టు చేసే అమ్మాయి వస్తుంది. బరువు చూసి అన్నం మానెయ్యమని చెప్పేముందు, ఎప్పుడు పడుకుంటారు, ఎన్ని గంటలు పడుకుంటారు అని అడగండి. ఆ జవాబు కేసు షీటులో రాయండి.

మరో మాట, మన ఇంటి సంగతి. రెసిడెంట్లకు ఏకబిగిన డ్యూటీ మామూలుగా 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే మార్గదర్శకం ఇచ్చింది. ఎన్ని వార్డుల్లో అది అమలవుతోందో మీ ఒళ్ళే చెబుతుంది. మేమూ అలాగే పడ్డాం, మీరూ పడండి అనే మాట మీ తరంలో ఆగిపోవాలి. డ్యూటీ లిస్టు వెయ్యడం మీ చేతికి వచ్చిన మొదటి నెల నుంచే, రాత్రంతా మేల్కొన్న జూనియర్ పేరు మర్నాటి ఓపీలో వెయ్యకండి. ఆ అబ్బాయిని ఇంటికి పంపండి.