మంద్రనాద శిల్పి జాన్ ఎంట్విసిల్

రాక్ సంగీతమును వినునపుడు మన చెవి గాయకుని వెంటను, గిటారు వెంటను పోవును. అడుగున మ్రోగు బేస్ గిటారును మనము గమనింపము. తంబుర శ్రుతివలె అది ఆగినప్పుడే దాని విలువ తెలియును. అట్టి వాద్యమును ముందునకు తెచ్చినవాడు 'ది హూ' బృందమునకు చెందిన జాన్ ఎంట్విసిల్.

1944లో లండనులో జన్మించిన ఇతడు బాల్యమున పియానో, ట్రంపెటు, ఫ్రెంచి హార్ను నేర్చెను. తన తొలి బేస్ గిటారును తానే తయారుచేసికొనెను. 1965 నాటి 'మై జనరేషన్' పాటలో, సాధారణముగా గిటారు ఒంటరిగా మ్రోగు ఘట్టమున, ఇతని బేస్ పలికెను. తరువాతి కాలమున తీగలను మీటుటయే గాక వ్రేళ్ళతో తట్టి, మద్దెల దరువువంటి నాదమును గూడ పుట్టించెను.

సహచరులు వేదికపై గంతులిడి వాద్యములను పగులగొట్టుచుండగా, ఇతడు స్తంభమువలె నిలిచియుండెడివాడు. వ్రేళ్ళు మాత్రమే పరుగిడెడివి. ఆ ఘోష నడుమనే బ్రదికినందున కడపటి సంవత్సరములలో వినికిడి సన్నగిల్లెను. 2002 జూన్ 27న, అమెరికా పర్యటనకు ముందునాడు, లాస్ వేగాస్‌లో మరణించెను. కొలది దినములలోనే బృందము వేరొక బేస్ వాద్యకారునితో వేదిక నెక్కెను. పునాది లేక పాట నిలువదు గదా! ఇకపై మనము ఆ అడుగు స్వరమునకును చెవి యొగ్గుదము.