వెబ్ డైరెక్టరీల సంరక్షణము

పూర్వము కరణము ఏటేట పొలము చూచి అడంగలు వ్రాసెడివాడు. చూడక వ్రాసిన లెక్క తగవులకు మూలమయ్యెడిది. అంతర్జాలమందలి స్థలముల చిరునామాలను విషయానుక్రమమున గూర్చిన వెబ్ డైరెక్టరీకిని ఇదియే ధర్మము. స్థలము లేకపోయినను చిరునామా నిలిచియున్నచో, వెదకవచ్చినవాడు 404 అను సంఖ్యను జూచి వట్టిచేతులతో మరలును.

1998లో అమెరికాలో నారంభమైన ఓపెన్ డైరెక్టరీని స్వచ్ఛంద సేవకులు కూర్చిరి. రోబోజిల్లా యను కంప్యూటరు ప్రోగ్రాము లింకులను తట్టి చూచి, పలుకనివానిని వారికి దెలుపుచుండెను. అయినను యంత్రమునకు మూసిన తలుపే తెలియును. తెరచిన తలుపు వెనుక వేరొకడు చేరుట తెలియదు. గడువు దీరిన పేరును మరియొకడు కొని, వైద్యశాల చిరునామాలో జూదశాల తెరచినను యంత్రము క్షేమమనియే చెప్పును. ఆ మోసమును కనిపెట్టుటకు మనుష్యుడు స్వయముగా చూడవలెను.

పలుకని లింకును వెంటనే కొట్టివేయరాదు. అది తాత్కాలికమైన అంతరాయము కావచ్చును. కొన్ని దినములకు మరల తట్టవలెను. అప్పటికిని పలుకనిచో క్రొత్త చిరునామా వెదకవలెను. అదియు దొరకనిచో ఇంటర్నెట్ ఆర్కైవునందు పాతప్రతి యున్నదేమో చూడవలెను. ఏదియు లేనిచో నిస్సంకోచముగా తొలగింపవలెను.

ఆ డైరెక్టరీ 2017లో మూతపడినది. దాని పాఠము మాత్రము నిలిచియున్నది: చేర్చుట ఒకనాటి పని, కాచుట నిత్యకృత్యము.