ఇరవై ఆరేళ్లు, ఇరవై ఆరు రోజులు



గుండె సర్జన్ పనంగిపల్లి వేణుగోపాల్ 1942 జూలై 6న రాజమండ్రిలో పుట్టారు. మన బూర్గంపాడు పక్కగా పారే గోదావరి పాపికొండలు దాటి చేరేది ఆ ఊరికే. 1959లో ఆయన ఢిల్లీ వెళ్లి ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్‌లో చేరారు. ఆ సంస్థ పెట్టి అప్పటికి మూడేళ్లే అయింది. గుండె తెరిచి చేసే ఆపరేషన్లు దేశంలో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఆ విద్యకు ఆద్యుల్లో ఒకరైన డాక్టర్ గోపీనాథ్ దగ్గర వేణుగోపాల్ చెయ్యి తిరిగింది. చదువుకున్న చోటే ప్రొఫెసరై, డైరెక్టరై, 2008 దాకా అక్కడే ఉన్నారు.

గుండె మార్పిడి కథ మాత్రం ఆయన కంటే ముందే మొదలైంది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒకరి గుండెను మరొకరికి అమర్చారు. రోగి 18 రోజులు బతికాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1968 ఫిబ్రవరిలో, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ ఆ సాహసం చేశారు. రోగి కొన్ని గంటలకు మించి దక్కలేదు. సేన్‌ది వైఫల్యమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ ఏడాది ప్రపంచమంతా వందకు పైగా గుండె మార్పిళ్లు జరిగితే, ఎక్కువమంది రోగులు నెలల్లోనే పోయారు. కుట్టు తప్పి కాదు, పరాయి గుండెను ఒళ్లు ఒప్పుకోక.

దానికి మందు మట్టిలో దొరికింది. నార్వే నుంచి తెచ్చిన మట్టిలోని ఒక బూజు నుంచి స్విట్జర్లాండ్ మందుల కంపెనీ సాండోజ్ సైక్లోస్పోరిన్ తీసింది. మన రోగనిరోధక శక్తి కొత్త అవయవం మీద విరుచుకుపడకుండా అది అదుపులో పెడుతుంది. 1983లో అమెరికా దానికి అనుమతి ఇచ్చాక, దాదాపు ఆగిపోయిన గుండె మార్పిళ్లు మళ్లీ ఊపందుకున్నాయి.

మన దగ్గర మాత్రం ఇంకో గోడ మిగిలింది. గుండె ఆగాకే మనిషి పోయినట్టు లెక్క. అలా ఆగిన గుండె అప్పట్లో మార్పిడికి పనికి వచ్చేది కాదు. మెదడు కాండం పూర్తిగా చచ్చిపోతే, వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటున్నా అది మరణమేనని చట్టం ఒప్పుకోవాలి. ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 1994 జూలై 8న వచ్చింది. ఆగస్టు 3న ఎయిమ్స్‌లో వేణుగోపాల్ బృందం దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేసింది. సేన్ ప్రయత్నం నుంచి 26 ఏళ్లు. ఆమోదం వచ్చాక 26 రోజులు.

ఈ 26 రోజుల్లోనే వేణుగోపాల్ గొప్పతనం ఉందని నా నమ్మకం. చట్టం వచ్చాక మొదలుపెట్టిన పని అయితే నెల తిరక్కుండా జరగదు. సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు, రక్తనిధి, ల్యాబు అన్నీ సిద్ధంగా ఉండి, దాత దొరికిన రోజున ఒక్కసారిగా కదలాలి. అదీ సర్కారు దవాఖానాలో!

ఆ ఆపరేషన్ గదిలో జరిగేది ఊహించండి. దాత గుండెను చల్లటి ద్రావణంతో ఆపి, మంచులో పెట్టి తెస్తారు. నాలుగు గంటల్లోపు అమర్చాలి. కిడ్నీకైతే ఒక రోజు దాకా గడువుంటుంది, గుండెకు లేదు. రోగి రక్తాన్ని యంత్రం నడిపిస్తుంటే పాత గుండెను తీసేస్తారు. కర్ణికలను, రెండు పెద్ద ధమనులను వరసగా కుడతారు. బిగించిన క్లాంపు వదలగానే వెచ్చటి రక్తం లోపలికి పారుతుంది. నరాలన్నీ తెగిపోయినా ఆ గుండె తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఎందుకంటే లయ పుట్టించే కణాలు గుండెలోనే ఉంటాయి. నరాల అదుపు లేదు కాబట్టి తర్వాత కూడా ఆ మనిషి నాడి మామూలు కంటే వేగంగానే ఉంటుంది.

ఆ తర్వాత ఆయన మరెన్నో గుండె మార్పిళ్లు చేశారు. 1998లో పద్మభూషణ్ వచ్చింది. 2003లో ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు. కేంద్ర ఆరోగ్య మంత్రితో పొసగక 2006లో పదవి పోతే కోర్టుకెక్కారు. 2007లో పార్లమెంటు ఎయిమ్స్ చట్టం మార్చి మళ్లీ తప్పించింది. 2008 మేలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఆయన తిరిగి కుర్చీలో కూర్చుని, జూలైలో గడువు ముగిశాకే దిగారు. పదవి మీద మమకారం అన్నవాళ్లూ ఉన్నారు. సంస్థ స్వతంత్రత కోసం పోరాడారనే నేనంటాను. 2024 అక్టోబరులో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తెలుగునేల మీద ఈ పనిని ముందుకు తీసుకెళ్లినవాళ్లలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే ముఖ్యులు. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆయన బృందం గుండె మార్పిడి చేసింది. అవయవాల కేటాయింపు కోసం 2013లో హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ పథకం మొదలైంది.

ఇక మన సంగతి. సారపాక రోడ్డు మీద బండి పడి తలకు దెబ్బ తగిలినవాణ్ని వంతెన దాటించి భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళతాం. బ్రెయిన్ డెడ్ అని తేల్చాలంటే నలుగురు డాక్టర్లు కావాలి. ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, ఛాతీ కదులుతుందేమోనని నిమిషాల తరబడి చూస్తారు. ఈ ఏర్పాట్లు లేని చోట, ఇంటివాళ్లు దానానికి ఒప్పుకున్నా అది జరగదు. దాత అయ్యే అవకాశం ఎక్కువగా హైదరాబాద్‌కు చేరినవాళ్లకే దక్కుతోంది.

అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీనికి ఒక దారి చూపింది. మార్పిడి చేసే శక్తి లేకపోయినా, ఐసీయూ ఉన్న ఆసుపత్రి అవయవాలు సేకరించే కేంద్రంగా నమోదు కావచ్చు. 2022లో కొత్తగూడేనికి మెడికల్ కాలేజీ వచ్చింది. మన జిల్లా నుంచి దాతలు రావాలంటే మొదట అడగవలసింది అక్కడి ఆసుపత్రిలో అలాంటి కేంద్రాన్నే. కళ్లకైతే వెంటిలేటర్ అక్కర్లేదు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. కబురు అందుకుని ఐ బ్యాంకు వాళ్లు వచ్చేదాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడిగుడ్డ వేసి ఉంచాలి.