ఫొటో కింద ఎవరి పేరు?



యువత గురించి, సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఫొటోల గురించి చెప్తాను. ఎందుకంటే ఇవాళ మన ఆచారాలు బయటివాళ్ళకు తెలుస్తున్నది ఎక్కువగా ఫొటోల్లోనే. దండారీ వస్తే గుస్సాడీల చుట్టూ మనుషుల కంటే ఫోన్లే ముందు కనిపిస్తున్నాయి.

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ కింద మా హాస్టల్‌కు అతిథులు వచ్చారు. వాళ్ళ వెంట వచ్చిన ఫొటోగ్రాఫర్ "పిల్లలు కొంచెం ట్రైబల్‌గా కనిపించాలి మేడమ్" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. ఎనిమిదో తరగతి పాపను పిలిచి చీర కట్టించాను, పూసల దండలు వేయించాను, చేతి వాచీ తీసెయ్యమన్నాను. ఆ వాచీ వాళ్ళన్న పత్తి ఏరిన పైసలతో కొనిచ్చింది. "వాచీ ఉంటే ఏమైతది మేడమ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "తియ్యి, లేటవుతుంది" అన్నాను. ఫొటో బాగుందని అందరూ మెచ్చుకున్నారు. దాని కింద ఏమని వేశారో తెలుసా? "గిరిజన బాలిక" అని. పాప పేరు లేదు, ఊరు లేదు.

చాలా రోజుల తర్వాత అమెరికా దేశపు పాత ఫొటో ఒకదాని సంగతి చదివాను. ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఆయన అక్కడి ఆదివాసీల ఫొటోలు తీసి, 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు అచ్చు వేశాడు. అందులో పీగన్ తెగకు చెందిన లిటిల్ ప్లూమ్ అనే పెద్దమనిషి, ఆయన కొడుకు ఎల్లో కిడ్నీ తమ గుడారంలో కూర్చున్న ఫొటో ఉంది. అసలు గాజు ప్లేటు మీద ఆ ఇద్దరి మధ్య ఒక అలారం గడియారం ఉంది. అచ్చులోకి వచ్చేసరికి గడియారం మాయం. కర్టిసే దాన్ని చెరిపించాడు. ఆదివాసీ ఇంట్లో గడియారం ఉంటే చూసేవాళ్ళు నమ్మరని కాబోలు. చదువుతుంటే నాకు మా పాప వాచీ గుర్తొచ్చింది. ఆయన నూరేళ్ళ కింద చేసిన పనే నేను నా హాస్టల్లో చేశాను. ఆయన బయటివాడు, నేను మనదాన్ని. అదొక్కటే తేడా.

మరి దీనికి జవాబు ఏంటి? ఈ కాలం ఫొటోగ్రాఫర్లు ఇద్దరి గురించి చెప్తాను. వీళ్ళు పెళ్ళిళ్ళకో పేపర్లకో తీసేవాళ్ళు కాదు. ఎవరూ పని అప్పజెప్పకుండానే, తమకు తామే ఒక ప్రశ్న వేసుకొని, దాని వెంట ఏళ్ళ తరబడి పోతారు. దాన్నే పర్సనల్ ప్రాజెక్ట్ అంటున్నారు.

ఒకరు వెండీ రెడ్ స్టార్. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని క్రో తెగ ఆడబిడ్డ. 1981లో పుట్టింది. అంటే నా ఈడుదే. 1880లో క్రో పెద్దలు కొందరు తమ భూమి గురించి, దాని మీదుగా వేసే రైలు దారి గురించి మాట్లాడటానికి వాషింగ్టన్ పోయారు. అక్కడ చార్లెస్ మిల్టన్ బెల్ అనే ఫొటోగ్రాఫర్ వాళ్ళను స్టూడియోలో కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. వాళ్ళలో మెడిసిన్ క్రో అనే నాయకుడి బొమ్మ చివరికి టీ సీసా మీద అమ్మకానికి కూడా వచ్చింది. సీసా కొన్నవాళ్ళకు ఆయనెవరో తెలియదు.

2014లో రెడ్ స్టార్ ఏం చేసిందంటే, ఆ ఫొటోల ప్రింట్లు తీసుకొని వాటి మీద ఎర్ర సిరాతో రాసింది. ఆయన పేరు ఇది, భార్యాబిడ్డలు వీళ్ళు, బట్టల మీది ఈ అలంకారం యుద్ధంలో చేసిన ఫలానా పనికి గుర్తు అని బాణం గుర్తులు గీసి మరీ రాసింది. అక్కడక్కడా నవ్వు పుట్టించే మాటలూ రాసింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. ఎర్ర సిరా అంటే పిల్లల తప్పులు దిద్దడానికే అనుకున్నాను. ఆమె చరిత్ర తప్పునే దిద్దింది.

అంతకుముందు 2006లో నాలుగు రుతువుల పేరుతో నాలుగు ఫొటోలు చేసింది. తమ సంప్రదాయ దుస్తుల్లో తనే కూర్చుంది. చుట్టూ ప్లాస్టిక్ గడ్డి, ఉత్తుత్తి పూలు, గాలి నింపిన బొమ్మ జంతువులు. ఆదివాసీ అంటే అడవి, జంతువులు అనుకునేవాళ్ళకు, మీరు చూస్తున్నది బొమ్మ అడవిని అని నవ్వుతూ చెప్పింది. 2024లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

రెండో ఆమె మన దేశపు గౌరీ గిల్. ఆదివాసీ కాదు. మనవాళ్ళ ఫొటోలు మనవాళ్ళే తీయాలని నేను అనను, అందుకే ఈమె గురించి చెప్తున్నాను. 2003లో రాజస్థాన్‌లోని లూణకరణ్‌సర్‌లో ఆడపిల్లల మేళా జరిగితే, అక్కడ ఫొటో స్టాల్ పెట్టింది. ఎట్లా నిలబడాలి, ఎవరితో కలిసి దిగాలి, చేతిలో ఏం పట్టుకోవాలి అన్నది పిల్లలే చెప్పుకున్నారు. మా హాస్టల్లో నేను చెయ్యనిది సరిగ్గా అదే.

మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో కోక్నా, వార్లీ కళాకారులు బోహాడా జాతర కోసం కాగితపు గుజ్జుతో దేవుళ్ళ మాస్కులు చేస్తారు. 2015 నుంచి ఆమె వాళ్ళతో పని చేసింది. ఈసారి దేవుళ్ళవి కాకుండా మన రోజువారీ బతుకు మాస్కులు చేద్దామని అడిగింది. ఊరివాళ్ళే వాటిని పెట్టుకొని ఇళ్ళల్లో, వీధుల్లో తమ బతుకును తామే ఆడి చూపారు. వార్లీ చిత్రకారుడు రాజేశ్ వాంగడ్‌తో ఇంకో పని చేసింది. ఆయన ఊరు గంజాడ్ చుట్టుపక్కల ఫొటోలు తీస్తే, ఆయన చెప్పిన కథలేవీ వాటిలోకి రాలేదనిపించింది. అప్పుడు ఆ ఫొటోల మీదే ఆయన వార్లీ గీతలతో తన కథలు గీశాడు. ఆ పని ఇద్దరి పేరు మీదా ఉంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వీళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది కెమెరా పనితనం కాదు. బటన్ నొక్కగానే ఫొటో పూర్తి కాదు. అందులో ఉన్న మనిషిని అడగాలి, ఆ మనిషి చెప్పింది రాయాలి. అప్పుడే పూర్తవుతుంది. ఇది చెయ్యడానికి పెద్ద కెమెరా అక్కర్లేదు, మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

అందుకని మీకో పని చెప్తున్నా, వార్డెన్‌ను కదా. 1940లలో హైమన్‌డార్ఫ్ మన ఆదిలాబాద్ గూడేల్లో ఉండి ఫొటోలు తీశాడు. ఆయనంటే మనకు గౌరవమే. మార్లవాయిలో ఆయన పేరు ఇప్పటికీ తలుచుకుంటాం. ఆ ఫొటోలు లండన్‌లోని సోయస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి, కొన్ని పుస్తకాల్లోనూ వచ్చాయి. వాటి ప్రింట్లు తీయించండి. మీ తాతలకు, అవ్వలకు చూపించండి. ఈయనెవరు, ఈ డోలు ఎవరిది, ఈ ఇల్లు ఎక్కడుండేది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఎర్ర పెన్నుతో ఆ ప్రింటు మీదే రాయండి. ఆలస్యం చెయ్యకండి. గుర్తుపట్టే కళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇక దండారీలో ఫొటో తీస్తే ముందు అడిగి తియ్యండి. కింద "గుస్సాడీ" అని మాత్రమే కాదు, ఆయన పేరు, ఊరు కూడా వెయ్యండి. వద్దంటే వెయ్యకండి.

చివరగా ఒక మాట. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పోయిన సెలవుల్లో నన్ను చూడటానికి వచ్చింది. నేను బీరువాలోంచి ఆ ఫొటో తీసి, "గిరిజన బాలిక" అన్న మాట కొట్టేసి, ఎర్ర పెన్నుతో దాని పేరు, ఊరు రాశాను. ఎడమ చేతి మణికట్టు దగ్గర బాణం గీసి, "ఇక్కడ వాచీ ఉండేది. అన్న కొనిచ్చాడు. వార్డెన్ తీయించింది" అని రాశాను. పాప చదివి నవ్వి, "మేడమ్, నాకొక కాపీ ఇవ్వండి" అంది.

ఇన్నేళ్ళకు ఆ ఫొటో దానిదైంది.