చేతికి వచ్చిన సొమ్ములో దేనికి ఎంత?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ పద్దులను గూర్చి ఈ తరగతులలో మీరు చాల వినియున్నారు. నేడు నేను ఇంటి పద్దును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. కాలువకో, రహదారికో భూమి నిచ్చిన రైతునకు నష్టపరిహారము ఒక్కమారుగా చేతికి వచ్చును. 2014 జనవరి 1 నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము ననుసరించి గ్రామ ప్రాంతములలో ఈ మొత్తము మార్కెటు విలువకు రెండు నుండి నాలుగు రెట్ల వరకు నుండును. తన జీవితములో అంత సొమ్ము ఒకేసారి చూడని కుటుంబము మొదట సలహా అడుగునది మిమ్ములనే. "ఎందులో పెట్టమందురు?" అని అడుగుదురు. "ఎంత పెట్టమందురు?" అని అడుగువారు అరుదు. ఇల్లు నిలుచుటయు, కూలుటయు ఎక్కువగా ఈ రెండవ ప్రశ్నపైననే ఆధారపడియున్నది.

ఈ విద్య మన రైతునకు క్రొత్తది కాదు. రాయలసీమ మెట్ట చేలలో ఏడు సాళ్ళు వేరుశనగకు ఒక సాలు కంది వేయు పద్ధతి కలదు. వేరుశనగ ఊడలు దిగువేళ వాన ముఖము చాటు చేసినను, వెనుకటి వానలతో కంది నిలద్రొక్కుకొనును. ఇక్కడ రైతు ఏ పంట మంచిదని మాత్రమే ఆలోచింపలేదు. ఒకటి పోయిన యేట రెండవది నిలుచునా, దానికి ఎన్ని సాళ్ళు విడువవలెను అని లెక్క వేసినాడు. 1952లో అమెరికాలో హారీ మార్కోవిట్జ్ అను యువకుడు డబ్బు విషయమున ఇంచుమించు ఇదే సంగతిని గణితముతో నిరూపించెను. పెట్టుబడులు వేరువేరుగా ఎంత ప్రమాదకరములో చూచుట చాలదనియు, అవి కలిసి పడునా, విడివిడిగా పడునా అనునది ముఖ్యమనియు ఆయన సిద్ధాంతము. అందులకు 1990లో నోబెల్ బహుమానము లభించినది. అంతటి గణితజ్ఞుడును తన వార్ధక్యమునకై దాచుకొను సొమ్మును తొలుత బాండ్లకు సగము, షేర్లకు సగము పంచి ఊరకున్నాడట! ఏది తారుమారైనను తరువాత విచారించు పని తక్కువగా నుండవలెనని ఆయన ఉద్దేశము.

ఇక లెక్కలోనికి వత్తము. ఒక కుటుంబమునకు నాలుగెకరములలో రెండెకరములు పోయి, 20 లక్షల రూపాయలు వచ్చినవనుకొందము. వారికి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై 3 లక్షల బాకీ యున్నది. అనగా ఏటికి నూటికి 24. నిశ్చయముగా అంత రాబడి నిచ్చు పెట్టుబడి ఈ లోకమున లేదు. కనుక మొదటి 3 లక్షలు బాకీకే పోవలెను. ఏడాది ఇంటి ఖర్చు, విత్తనము, ఎరువు కలిపి 2 లక్షలు పొదుపు ఖాతాలో ఉంచవలెను. రెండేండ్లలో కుమార్తె కళాశాల చదువునకు కావలసిన 3 లక్షలు ఆ గడువునకే తీరునట్టి డిపాజిటులో వేయవలెను. వీనికి వాదన లేదు. మిగిలిన 12 లక్షల దగ్గరనే అసలు చిక్కు.

రైతు మనసు భూమిపైకి పోవుట సహజము. భూమి పోయినవాడు భూమి కొనుట తప్పని నేననను. కాని మిగిలిన రెండెకరములును, క్రొత్తగా కొన్నదియు ఒకే చెరువు క్రింద నున్నచో, చెరువు ఎండిన యేడు రెండును కలిసియే ఎండును. ఈ కుటుంబము భూమికి 5 లక్షలు మించకుండ చూచుకొనుట మేలు. లక్ష రూపాయల బంగారము ఉండవచ్చును. అవసరమునకు దానిపై వెంటనే అప్పు పుట్టును. అయితే పెట్టెలోనున్నంతకాలము పైసా వడ్డీ తేదు, నగ చేయించినచో మజూరీ, తరుగు అదనము.

షేర్ల మార్కెటులో మదుపు చేయు మ్యూచువల్ ఫండుల మాట నేడు పల్లెలలోను వినవచ్చుచున్నది. ఇందు ఎంత పెట్టవలెనో తెలియుటకు లాభము వైపు నుండి లెక్క మొదలుపెట్టరాదు. ఎంత పోయినను పిల్ల చదువు ఆగదు, విత్తనము ఆగదు అని భార్యాభర్తలు కూర్చుండి ముందు తేల్చుకొనవలెను. మన కుటుంబము ఆ మొత్తము లక్షా ఇరవై వేలని చెప్పినదనుకొందము. మార్కెటు ఎంత పడగలదు? 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ ఆ అక్టోబరులో 9 వేలకు దిగువన పడినది. నూటికి 60 వంతులు పడునని లెక్కించినచో, లక్షా ఇరవై వేల నష్టము 2 లక్షల పెట్టుబడికి సరిపోవును. కనుక 2 లక్షలు, అంతకు మించరాదు. అదే సెన్సెక్స్ 2010 నవంబరులో మరల 21 వేలకు చేరినది. వేచియుండగలిగినవారు తేరుకొనిరి, నడుమ పెండ్లికో, వైద్యమునకో అమ్ముకొన్నవారు తేరుకొనలేదు. సగము పోయిన సొమ్ము తిరిగి మొదటికి వచ్చుటకు రెట్టింపు కావలెనని మరువరాదు. ఏడెనిమిదేండ్లు తాకనక్కరలేని సొమ్మే ఇందులకు తగినది.

మిగిలిన 4 లక్షలు డిపాజిటులకు. ఇక్కడను "ఎంత" అను ప్రశ్న కలదు. 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక బ్యాంకులో ఒక డిపాజిటుదారునకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా రక్షణ యున్నది. ఒకే బ్యాంకులో రెండు శాఖలలో వేసినను పరిమితి ఒక్కటే. తపాలా కార్యాలయపు పొదుపునకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. మన ఊరి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములో వేసిన డిపాజిటునకు ఈ బీమా వర్తింపదు. సంఘము చక్కగా నడచుచున్నను సరియే, ఇంటి సొమ్మంతయు అందు ఉంచుట తగదు. ఈ సంగతి చాలమంది సభ్యులకే తెలియదని నా అనుభవము.

రెండేండ్లలో రెట్టింపని చెప్పువారికి ఎంత? ఏమియు లేదు. పైన చెప్పిన లెక్కనే వేయుడు: మొత్తము పోగల చోట, కొంచెము పెట్టుదమను మాటకు కూడ చోటులేదు. 2019 చట్టము అనుమతి లేని డిపాజిటు పథకములను నిషేధించినది. చీటీ వేయువారు అది 1982 చిట్ ఫండ్ల చట్టము క్రింద రిజిస్టరైనదో కాదో కాగితము చూచి వేయవలెను. నిర్వాహకుడు బంధువైనను కాగితము చూడవలసినదే. మొగమాటము వలన మునిగిన ఇండ్లు లెక్కకు మించియున్నవి.

ఈ వాటాలు శాశ్వతములు కావు. ఫండు 2 లక్షలు 4 లక్షలైనదనుకొనుడు. సంతోషమే, అయితే ఇంటివారు పోగొట్టుకొనగల మొత్తము కూడ పెరిగినదా? పెరుగనిచో ఎక్కువైన దానిని తీసి డిపాజిటులో వేయవలెను. ఏటా ఉగాదికి ఒకమారు చూచిన చాలును. దినదినము ధర చూచుట వలన నిద్ర చెడుట తప్ప ఫలము లేదు.

ఈ లెక్క ఒక ఊహా కుటుంబమునకు వేసినది. పిల్లలు స్థిరపడిన వృద్ధ దంపతులకు భూమి వాటా ఇంత అక్కరలేదు. బోరు ఎండిన ఇంటికి పొదుపు ఖాతాలో రెండేండ్ల ఖర్చు ఉండవలెను. అందుచేత మీరు పథకము పేరు చెప్పవలదు, ప్రశ్నలు అడుగుడు: బాకీ యెంత? ఏ సొమ్ము ఎప్పుడు కావలెను? ఎంత పోయినను తట్టుకొందురు? ఖాతా ఎవరి పేర ఉన్నది, నామినీ ఎవరు? ఈ కడపటి ప్రశ్న ఇంటి ఇల్లాలి యెదుట అడుగుడు.

నష్టపరిహారము పంచు తేదీ మీకు ముందుగా తెలియును. ఆ దినమునకు వారము ముందే గ్రామసభకు పోస్టుమాస్టరును, బ్యాంకు మేనేజరును పిలిపించుడు. ఏజెంట్లు ఊరిలో దిగుటకు ముందే వీరి మాట జనులు వినవలెను. సభ్యులలో ఎవరైనను ఏ సంస్థకైనను కమీషను ఏజెంటుగా నున్నచో, ఆ సంగతి సభలో చెప్పి, ఆ పూట సలహా ఇచ్చుట మానుకొనవలెను.