తెరకు ముందటి జంధ్యాల

జంధ్యాల అనగానే మనకు పిసినారి లక్ష్మీపతి జ్ఞప్తికి వచ్చును. కోడిని పైన వ్రేలాడదీసి, దానిని చూచుచు వట్టి అన్నము తిను ఆ దృశ్యము 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట' చిత్రములోనిది. దానిని తలచుకొని నవ్వని తెలుగు ఇల్లు అరుదు. 'శ్రీవారికి ప్రేమలేఖ', 'చంటబ్బాయ్' చిత్రములును అట్లే ప్రసిద్ధములు. కాని 1951లో నరసాపురమున జన్మించి, విజయవాడలో చదువుకొన్న జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదట నాటకకర్త. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' అను ఆయన రచనలు ఒకనాడు రంగస్థలముపై పేరు పొందినవి. చిత్రములను చూచినవారు లక్షలమంది. ఈ నాటకముల పేర్లైనను వినినవారు నేడెందరు?

రెండవ నాటకము పేరును ఒకసారి పైకి అని చూడుడు. 'గుండెలు మార్చబడును.' ఇది దుకాణపు పలకమీది భాష. తెలుగువాడు నోటితో ఎన్నడును 'బడును' అనడు. పలక వ్రాయించునప్పుడు మాత్రము ఎక్కడలేని వ్యాకరణము పూనును. దిల్‌సుఖ్‌నగర్ సందులలో నడచినచో 'గదులు అద్దెకు ఇవ్వబడును' అను ప్రకటన నేటికిని గోడ గోడకు కానవచ్చును. ఆ 'బడును'ను తెచ్చి గుండెకు తగిలించుటలోనే జంధ్యాలవారి చమత్కారమంతయు నున్నది. తెలుగులో గుండె యనగా రక్తమును నడపు కండరము మాత్రమే కాదుగదా! ధైర్యము గుండె, దయ గుండె, దయలేనివానిది రాతిగుండె. అట్టిదానిని సైకిలు చక్రమువలె మార్చెదమని పలక కట్టినచో నవ్వు రాక మానునా?

ఆ పేరు ఊహించుటకు కాలమును తోడ్పడినది. 1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున డాక్టరు క్రిస్టియన్ బర్నార్డు మొట్టమొదటిసారి ఒక మానవుని గుండెను మరియొకనికి అమర్చెను. రోగి జీవించినది 18 దినములు. ప్రపంచమంతయు విస్తుపోయిన ఆ కాలమున జంధ్యాలవారు పదునారేండ్ల విద్యార్థి.

ఇక ఎల్బీనగరుకు రండు. 2025 జనవరి 17వ తేదీ రాత్రి అచ్చటి ఆసుపత్రినుండి ఒక దాత గుండె మెట్రో రైలులో లకడీకాపూల్‌కు చేరినది. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషములు. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో ఎల్బీనగరునుండియే వచ్చిన మరియొక గుండెను నాగోలు స్టేషనులో రైలెక్కించి జూబిలీహిల్స్‌కు చేర్చిరి. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నిత్యము కళాశాలలకును కార్యాలయములకును పోవు జనముతో కిక్కిరిసిన బాటయే ఎల్బీనగరు, లకడీకాపూల్‌ల నడుమ నున్నది. వేళాకోళపు పలక నిజమైపోయినది. అయినను ఆ పెట్టెకు ఒకవైపున ఏడ్చుచున్న కుటుంబ మొకటి, మరియొకవైపున ప్రాణము నిలుపుకొనుటకై ఎదురుచూచు కుటుంబ మొకటి ఉండును. ఆ శీర్షికను నేడు చదివినపుడు నవ్వు కొంచెము తడబడుట సహజము. అది రచనకు లోపము కాదు. దానిని మరల ప్రదర్శించువారు ఆలోచించుకొనవలసిన విషయము.

జంధ్యాలవారి చిత్రములలోని హాస్యమునకును మూలము రంగస్థలమే యని నా అభిప్రాయము. 'చంటబ్బాయ్'లో పత్రికా సంపాదకుని పీడించు కవయిత్రిని చూడుడు; 'శ్రీవారికి ప్రేమలేఖ'లో చూచివచ్చిన సినిమాను పేర్లు పడుటనుండి వినిపించు ఇల్లాలిని చూడుడు. శ్రీలక్ష్మి నటించిన ఈ ఘట్టములను చిత్రమునుండి కత్తిరించి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి ఎచ్చటనైన ఆడవచ్చును. కెమెరా పని స్వల్పము, మాటయే సమస్తము. నిజము చెప్పవలెనన్న, ఆయన చిత్రములు కొన్నింటిలో కథ పలుచనైనను ఈ తునుకలు మాత్రము చెక్కుచెదరలేదు.

మాటను నమ్ముకొన్న రచయితకు మాటను నమ్ముకొన్న నటుడే దొరకెను. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వీరభద్రరావుగారు ముఖము కానరాకయే గొంతుతో నవ్వించుట నేర్చిన మనిషి. 1982లో 'నాలుగు స్తంభాలాట'లో ఆయనకు వేలుగారు జత కుదిరిరి. విసుగు పుట్టించు ప్రసంగమునకు 'సుత్తి' అను మాట ఆ చిత్రముతో ఊరూర వ్యాపించి, ఆ ఇరువురికిని ఇంటిపేరై కూర్చున్నది! వీరభద్రరావుగారు 1988లో, జంధ్యాలవారు 2001లో, వేలుగారు 2012లో గతించిరి.

చిత్రములు భద్రముగానే యున్నవి. ఎప్పుడు కావలసిన అప్పుడు చూడవచ్చును. నాటకము అట్టిది కాదు. ఆడనినాడు అది లేనట్లే. కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురము కాలనీలలో కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి పిల్లలవద్దకు వచ్చి స్థిరపడిన పెద్దలు అనేకులున్నారు. వారిలో పరిషత్తు పోటీలలో వేషము కట్టినవారు తప్పక యుందురు. ఆ రోజులలో నటునకు నాటకమంతయు ఈయక, అతని మాటలు మాత్రము ఎత్తి వ్రాసి ఇచ్చెడివారు. దానినే 'పోర్షను' అనెడివారు. అట్టి కాగితములు ఏ ట్రంకుపెట్టె అడుగుననైన ఉన్నచో, కాలనీ సంఘములవారు వినాయక చవితి పందిరికి దీపములు కట్టుటకు ముందే వానిని అడిగి తీసికొని, శుద్ధప్రతి వ్రాయించుట మంచిది. ఒక్కొక్క పాత్ర మాటలు ఒక్కొక్క ఇంట దొరకవచ్చును.