విశాఖపట్టణమందలి నౌకానిర్మాణమును, పురపాలనమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



రంపమును, బాడిసను, సుత్తిని దేవతలతో సమముగా నర్చించు కులము మనది. కాఁబట్టి నౌకానిర్మాణమునకుఁ బ్రసిద్ధిగాంచిన విశాఖపట్టణమును గుఱించియు, నచ్చటి పురపాలనమును గుఱించియు నాలుగు మాటలు విన్నవించుట యీ సభ కప్రస్తుతము కానేరదు.

భోజరాజు పేరఁ బరగు యుక్తికల్పతరు వను సంస్కృతగ్రంథమునందు నౌకలు సామాన్యములనియు, విశేషములనియు విభజింపఁబడినవి. సముద్రమునఁ బోవు నావ పలకలను ఇనుముతో బంధింపరాదనియు, నయస్కాంతశిల లాకర్షించుననియు నందుఁ గలదు. నాఁడు నౌక యనఁగా దారువు. దారు వనఁగా వడ్రంగి. నేఁడు నౌక యనఁగా నుక్కు. ఈ మార్పే నా ప్రసంగమునకు మూలము.

విశాఖ రేవు 1933 సం॥లో నోడలకుఁ దెఱవఁబడెను. వాల్‌చంద్ హీరాచంద్ గారి నాయకత్వమునఁ గల సింధియా కంపెనీవారు 1941 జూన్ 21వ తేదీని బాబూ రాజేంద్రప్రసాద్ గారిచే నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేయించిరి. మఱుసటి యేఁట ఏప్రిల్ 6వ తేదీని జపాను విమానములు పట్టణముపై బాంబులు వేసెను. యుద్ధకాలపు టిక్కట్టులు గడచిన పిమ్మట, 1948 మార్చి 14వ తేదీని జవహర్‌లాల్ నెహ్రూ గారు ‘జల ఉష’ యను 8,000 టన్నుల యోడను జలప్రవేశము చేయించిరి. 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డు ఏర్పడి, ప్రధానభాగము కేంద్రప్రభుత్వమునకుఁ జెందెను. 1961లో శాల సంపూర్ణముగాఁ బ్రభుత్వపరమయ్యెను. 2010లో రక్షణశాఖ క్రిందికి వచ్చెను.

ఇఁక పురపాలనము. 1858లో పురవాసులు స్వచ్ఛందసంఘముగా నేర్పడిరి. 1866లో మునిసిపాలిటీయు, 1979లో కార్పొరేషనును వచ్చినవి. 2005లో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామములను గలుపుకొని మహావిశాఖ యయ్యెను. ఓడలు కట్టు శాల కేంద్రమువారిది. ఓడలు కట్టువాని వీథిదీపము, కుళాయి, మురుగుకాలువ మాత్రము పురపాలకులవి. కాఁబట్టి కార్మికుని సుఖదుఃఖములు ఢిల్లీకంటె వార్డునందే యెక్కువగా నిర్ణయింపఁబడును.

అట్టి నగరమున, 2007లో నెన్నికైన పాలకవర్గపు గడువు 2012లో ముగియఁగా, మరల నెన్నికలు 2021 మార్చి వఱకు జరుగలేదు. గడువు ముగియకమున్నే యెన్నికలు జరుపవలెనని, 1993 జూన్ 1 నుండి యమలునకు వచ్చిన 74వ రాజ్యాంగసవరణము విధించుచున్నను, తొమ్మిదేండ్లు అధికారులే పాలించిరి. కాలువ పూడినచో నడుగుటకుఁ దా నెన్నుకొన్న సభ్యుఁడు పౌరునకు లేఁడయ్యెను. శాసనము వ్రాఁతలో నున్నంతమాత్రమునఁ జాలదు, దాని నడుగువారుండవలెను.

సోదరులారా! ఇందు మనకు రెండు కర్తవ్యములు గోచరించుచున్నవి. మొదటిది విద్య. చేతినేర్పు తాతలనాఁటిదైనను, ఉక్కు నతుకు పనికి యోగ్యతాపత్రము లేనివానిని కర్మాగారద్వారముకడనే నిలిపివేయుదురు. మన బాలురనే కాదు, బాలికలనుగూడ ఐ.టి.ఐ.లకును, పాలిటెక్నిక్కులకును పంపవలెను. పోషకమహాశయులు విందులకును, పూలమాలలకును వెచ్చించు ధనములోఁ గొంత తగ్గించి, యీ సభయందే విద్యార్థినిధి కొసఁగుదురు గాక! రెండవది పౌరధర్మము. వోటరు పట్టికలోఁ బేరు చూచుకొనుఁడు. వోటు కులమును జూచి కాక గుణమును జూచి వేయుఁడు. వేసిన పిదపఁ బని యడుగుఁడు.

ఒక్క పలక వదలినను నావ నీరు త్రాగును. విద్య యొక పలక, పౌరధర్మ మొక పలక. ఈ రెంటిని బిగించి మన సంఘమను నావను దరిఁ జేర్పుఁడని ప్రార్థించుచున్నాను.